నడిపినవాళ్ల తప్పు

"కంపెనీవాళ్లు క్లెయిము కొట్టేశారు మాస్టారూ," అన్నాడు అమ్మన్న, కవరు బల్ల మీదికి జరుపుతూ.

ఇస్సాకు దాన్ని అందుకోలేదు. "ఏం రాశారండి?"

"టైరులో గాలి తక్కువుండగా నడిపారంట. అందుకే వేడెక్కి పేలిందంట. తయారీలో లోపం లేదు, వారంటీ వర్తించదు అన్నారు."

"అంటే, నడిపినవాళ్లదే తప్పన్నమాట."

"వాళ్ల మాట అదేనండి."

ఇస్సాకు అగ్రహారం బడిలో లెక్కలు చెబుతాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో, యానాంలో అమ్మన్న కొట్టులోనే తన కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించాడు. మే నెలలో ఒక ఆదివారం ముమ్మిడివరంలో సువార్త సభకు వెళ్లి కుటుంబమంతా తిరిగి వస్తున్నారు. ఎదుర్లంక వంతెన ఇంకా మైలు దూరం ఉందనగా ముందు టైరు పేలింది. కారు రోడ్డు దిగి కొబ్బరిచెట్టును గుద్దుకుంది. భార్య కృపారాణి అక్కడికక్కడే పోయింది. ఆయనకూ, డిగ్రీ చదువుతున్న కూతురు లిదియాకూ గీతలు పడ్డాయి, అంతే.

"ఇంకో టైరు ఇప్పించమని నేనడగట్లేదు అమ్మన్నగారూ. టైరులో లోపం ఉందని ఒక్క ముక్క రాసిమ్మంటున్నాను."

"కంపెనీ లేదన్నాక నేనెలా రాస్తానండి? కారు నడిపింది నేనేనని పోలీసులకి మీరే చెప్పారు కదా. ఆ ముక్క కేసుకి పనికొస్తాదనా?"

"కేసు ఎటైనా పోనివ్వండి."

అమ్మన్నకు అర్థం కాలేదు. మాస్టారికి మతి చెడిందేమోనని జాలిపడ్డాడు.

ఇస్సాకు ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. పేలిన టైరు వసారాలో గోడకు ఆనించి ఉంది. దాన్ని చూడలేక లిదియా రెండు నెలలుగా వీధి గుమ్మం తొక్కడం లేదు. కాలేజీ మానేసింది. కుక్కరు కూతేస్తే చాలు, చెవులు మూసుకుని గోడకు నక్కుతుంది. ఒక్కోసారి పిలిస్తే పలకదు. రెండు అరచేతులూ ఒళ్లో తెరిచి పెట్టుకుని వాటినే చూస్తూ ఉంటుంది. చేతులు కడుక్కోమని అమ్మ పిలిచిందని ఒకరోజు చెప్పింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

ఆ ఇంట్లో కృపారాణి మాట ఆగిపోయింది. ఆ పేలుడు మాత్రం ఇంకా ఆగలేదు.

"కంపెనీవాళ్లు ఏమన్నారు నాన్నా?" వంటగదిలోంచి అడిగింది.

"జవాబు ఇంకా రాలేదమ్మా."

తర్వాత గొణిగినట్టుగా అంది, "బయల్దేరేముందు గాలి చూసుకోవాల్సింది."

ఇస్సాకు వెంటనే అందుకున్నాడు. "చూశాను. పొద్దున్నే చూశాను. సరిపడా ఉంది."

"నా కోసం అంటున్నావు."

"దేవుడి తోడు, చూశాను తల్లీ."

ఆమె నమ్మలేదని ఆయనకు తెలుసు.

మర్నాడు పొద్దున్న ఆయన పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉన్న కారు దగ్గరికి వెళ్లాడు. అన్నాళ్లూ దాన్ని ముట్టుకోలేదు. తలుపు మీద మట్టి అలాగే ఉంది. వంగి, మిగతా మూడు టైర్లనూ ఒక్కొక్కటిగా అరచేత్తో తడిమాడు. వెనక ఎడమవైపు టైరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. పక్కభాగంలో కోడిగుడ్డంత ఉబ్బు. లోపలినుంచి ఎవరో పిడికిలితో నెడుతున్నట్టుంది.

జాకీ పెట్టి దాన్ని విప్పి, ఆటోలో వేసుకుని తిన్నగా కొట్టుకు వెళ్లాడు.

ఆ ఉబ్బును చూడగానే అమ్మన్న ముఖం పాలిపోయింది. "ఇదీనా?" అన్నాడు, నోరు జారినట్టు.

"ఇదీ అంటే?"

అమ్మన్న లేచి షట్టరు సగానికి దించాడు. "మీతో చెప్పకూడదనుకున్నానండి. అప్పుడొచ్చిన సరుకులో ఇంకో రెండు ఇలాగే ఉబ్బి వెనక్కొచ్చాయి. గోతిలో దించుంటారని కంపెనీ వాటినీ కొట్టిపారేసింది. నేను నోరు విప్పితే డీలర్‌షిప్పు పీకేస్తారు. ముగ్గురు ఆడపిల్లలండి నాకు."

"నాకూ ఒక ఆడపిల్ల ఉంది," అన్నాడు ఇస్సాకు.

ఆయన కోప్పడలేదు. అందుకే అమ్మన్న తల ఎత్తలేకపోయాడు.

"కోర్టుకి ఇవ్వను. కంపెనీకి పంపను. నా ఇల్లు దాటి పోదు ఆ కాగితం. దేవుని వాక్యం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను."

"మరెందుకండి అది?"

"చదువుకోడానికి."

అమ్మన్న ఆయన కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు సరిగా నిద్రపోయి చాలా రోజులైనట్టున్నాయి. "మీ మనసు కుదుటపడతాదంటే రాస్తాను మాస్టారూ," అంటూ కొట్టు పేరున్న కాగితం తీశాడు. మెల్లగా రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు. ఇస్సాకు చదివి, ఇంకో వాక్యం కలపమన్నాడు. అదీ కలిపాడు.

ఇంటికి వెళ్లేసరికి లిదియా బియ్యం ఏరుతోంది. ఇస్సాకు చొక్కా అయినా మార్చుకోకుండా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కాగితం విప్పి, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివాడు.

"ముందు టైరు తయారీ లోపం వల్లే పేలింది. అదే సరుకులో మరో మూడు టైర్లలో ఇదే లోపం కనబడింది. గాలి ఎంతున్నా ఆ టైరు పేలేదే. కారు నడిపిన మనిషి తప్పు ఇందులో ఏమీ లేదు."

బియ్యం మీద ఆమె వేళ్లు కదలడం మానేశాయి.

"ఆఖరు ముక్క ఇంకోసారి చదువు నాన్నా."

"కారు నడిపిన మనిషి తప్పు ఇందులో ఏమీ లేదు."

ఆమె ఆ కాగితం లాక్కుని, ముద్ర మీద వేలితో రుద్ది చూసింది. తల్లిని సమాధి చేసిన రోజు కూడా ఏడవని పిల్ల, ఇల్లంతా వినబడేలా ఏడ్చింది. ఇస్సాకు ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు.

ఆ రోజు కారు నడిపింది లిదియా.