దండచేతి గాజులు

“ఈ గాజులేంది?”

రామ్‌సింగ్ వేలు పుస్తకంలో బొమ్మ మీద ఆగింది. పక్కన కూర్చుని చదివి వినిపిస్తున్న మనవరాలు శ్రావణి టక్కున నోరు మూసుకుంది. తండా బడి వరండాలో పిల్లల చదువు వింటున్న అమ్మానాన్నలంతా ఇటు తిరిగారు.

టీచర్ భార్గవి వచ్చి ఆ బొమ్మ చూసింది. 

పుస్తకం ఆమె రాసిందే. నైజాం ఆఖరి రోజుల్లో పోడు భూమి కోసం దొరను ఎదిరించి, ప్రాణమిచ్చిన హాతీరాం కథ. ఏ పాఠంలోనూ లేని తండా చరిత్ర పిల్లల నోట ఇంటింటికీ చేరాలని ఆమె ఆశ. బొమ్మలు ఖమ్మం ఆర్టిస్టు వేశాడు. హాతీరాం పోయాక అతని భార్య ద్వాలి గొడ్డలి పట్టుకుని పొదలు కొడుతున్న బొమ్మలో, ఆమె దండచేతుల నిండా, మోచేతి పైనుంచి భుజం దాకా, తెల్లటి గాజులు తొడిగాడు. మొగుడు పోతే లంబాడీ ఆడది ముందు తీసేది ఆ గాజులే. పాపం, అతనికేం తెలుసు? తెలిసిన భార్గవేమో అక్షరదోషాలు వెతకడంలో పడి బొమ్మను వదిలేసింది. చదువుకున్నవాళ్ల చూపు అక్షరం దాటి పోతే కదా.

“తప్పయింది తాతా. మళ్ల అచ్చేసేటప్పుడు సరిచేపిస్త.”

“తప్పయిందా? మొగడు చచ్చినంక మా అమ్మ గాజులేసుకుందంటే జనం ఏమనుకుంటరు? ఇంకోన్ని ఉంచుకున్నదనుకోరా?”

రామ్‌సింగ్ ద్వాలి కొడుకు, మాజీ సర్పంచ్. అమరుడి కొడుకు మాటకు తండాలో ఎదురు లేదు.

“పుస్తకాలన్ని ఈడ ఏయుండ్రి. అన్నం వండిన పొయ్యి ఇంక ఆరలే. అండ్ల పెడత.”

తల్లులు పిల్లల చేతుల్లోంచి పుస్తకాలు లాక్కుని తెచ్చి ఇస్తున్నారు. ఇవ్వనని ఏడ్చిన పిల్లకు ఒకటి పడింది కూడా.  భార్గవి తండ్రి బిచ్యా ఆమె చెవి దగ్గరికి వచ్చాడు.

“కాళ్లు మొక్కు బిడ్డా. రేపు ఈ తండాలనే బతకాలె మనం.”

మొక్కింది. రామ్‌సింగ్ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

“ఆ గాజుల మీద కాయితం అతికిస్త తాతా. కాల్చొద్దు. మన గురించి ఉన్నది ఇదొక్కటే.”

“మా అమ్మ ఇజ్జత్ తీసిన పుస్తకం ఉంటే ఎంత, పోతే ఎంత?”

పుస్తకాల కట్ట చంకన పెట్టుకుని వంటపాక వైపు నడిచాడు. దారికి అడ్డంగా ఒక ముసలామె నిలబడి ఉంది. అతని అక్క జమ్లి. జూలూరుపాడు దగ్గరి తండాకు పెళ్లయి వెళ్లిన మనిషి. నాయన కథ పుస్తకమైందని విని పొద్దున్నే ఆటోలో వచ్చింది.

“ఇయ్యి, చూడనియ్యి,” అని కట్టలోంచి ఒక పుస్తకం లాక్కుంది. తల్లి బొమ్మను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది.  భార్గవి తల దించుకుంది. ఈమె కూడా తిడితే ఇక ఈ ఊళ్లో తలెత్తుకోవడం ఉండదు.

“బొమ్మ మంచిగనే ఉంది,” అంది జమ్లి. “రాతనే తప్పు. బాపు అప్పుడు చావలే.”

“ఏందక్కా నువ్వనేది?”

“దొర మనుషులు ఎతుకొద్దని, చచ్చిండని తండా అంత కూడి ఏడ్చిండ్రు. బాపు అడవిల దాగిండు. అమ్మ గాజులు తీసింది దొర మనుషుల ముందటనే. అడవిలకు బువ్వ తీస్కపోయేటప్పుడు ఏసుకునేది. ఎవరికి చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకుంది. ఆఖరుకు బాపు అడవిలనే జరమొచ్చి పోయిండు. తెలిసినోళ్లందరు పోయిండ్రు. నేనొక్కదాన్నే మిగిలిన.”

రామ్‌సింగ్ ముఖం మాడిపోయింది. అమరుడి కొడుకునని ఇన్నాళ్లూ దండలు వేయించుకున్న మెడ కదా.

“ముసలితనంల మతి తప్పింది నీకు. రుజువేంది?”

జమ్లి తమ్ముడి చేతిలోని కట్ట మెల్లగా తీసుకుంది.

“నువ్వే. అమ్మ నీ వయసు పెంచి చెప్పింది గానీ, బాపు చచ్చిండని ఏడ్చిన మూడేండ్లకు పుట్టినవు.”