పక్క సీటు దీపం

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మిగతా షెడ్లన్నీ మూసేశారు. మెకానిక్ జంగయ్య ఒక్కడే జనార్ధనరావు గారి కారు ముందేసుకుని కూర్చున్నాడు. "మీటర్ లైట్లు వెలగడం లేదు. అవొక్కటే చూడు జంగయ్యా, ఇంకేదీ కదపకు," అని మరీమరీ చెప్పి సైనిక్‌పురి వెళ్లిపోయారాయన.

మీటర్ ఊడదీసి చూస్తే, పక్క సీటు బెల్టు దీపం మీద ఎవరో నల్ల టేపు పొరలు పొరలుగా అతికించారు. "గిదేం పని!" అని గోరుతో గీకి తీసేశాడు. కొత్త లైట్లు వేసి మీటర్ బిగించాడు. వెలుగు సమంగా పడిందో లేదో చీకట్లోనే తెలుస్తుంది. అందుకే ఎప్పటిలా షట్టర్ దించి, షెడ్డు లైటార్పి, డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

మీటర్ ముళ్ల వెనక తెల్లటి వెలుగు నిండింది. హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంది కాబట్టి దాని దీపం ఎర్రగా వెలిగింది. దాని పక్కనే బెల్టు దీపం టింగ్ టింగ్‌మంటూ కొట్టుకోసాగింది. పక్క సీట్లో మనిషి ఉండి, బెల్టు పెట్టుకోకపోతే వెలిగే దీపమది. చెయ్యి చాపి తడిమాడు. సీటు ఖాళీ.

మోత ఎంతకీ ఆగలేదు. జంగయ్యకి చిరాకూ నవ్వూ కలిసి వచ్చాయి.

"జర బెల్టు పెట్టుకోన్రి సారూ," అన్నాడు ఖాళీ సీటుతో.

చీకట్లో బెల్టు సర్రున సాగింది. టక్కున పడింది. దీపం ఆరి, మోత ఆగిపోయింది.

తల తిప్పుదామంటే మెడ తిరగలేదు. చూస్తుండగానే హ్యాండ్‌బ్రేక్ దీపం కూడా ఆరిపోయింది.

జంగయ్య చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.