పంతులమ్మకు పెట్టిన బొట్టు

రత్నావళికి అన్నిటికంటే పెద్ద భయం, కూతురు చిన్మయి చదువు కూడా తనలాగే ఏడో తరగతితో ఆగిపోతుందేమోనని.

ఆ కాలానికి బళ్లు ఎత్తేశారు. ఇంటింటికీ గోడన ఒక అద్దం, అందులో ఒక పంతులమ్మ. వరసగా మూడు రోజులు పిల్ల పలక్కపోతే పేరు కొట్టేస్తారు.

దసరాకి కుట్టుమిషనుకీ మిక్సీకీ బొట్లు పెడుతూ, ఆ చేత్తోనే పంతులమ్మకీ పెట్టింది రత్నావళి. అది సరిగ్గా అద్దం కంటి మీద పడింది. ఆనాటినుంచి పంతులమ్మకు చెవులే గానీ చూపు లేదు. పూజ బొట్టు తుడవడానికి రత్నావళికి చెయ్యి రాలేదు. చిన్మయి మాత్రం మర్నాడే పెరటి గోడ దూకింది.

"చిన్మయీ, పన్నెండేడులు ఎంత?"

"ఎనభై నాలుగండీ!" వంకాయలు తరుగుతూ, గొంతు సన్నం చేసి చెప్పింది తల్లి.

అలా నెల గడిచింది. ఒకరోజు పంతులమ్మ ఉన్నట్టుండి, "నీ చేతికి గాజులెన్నమ్మా?" అంది.

"డజనండీ" అనేసి నాలిక్కరుచుకుంది రత్నావళి.

"తొమ్మిదేళ్ల పిల్లకా? మొదటిరోజే విన్నాను ఆ గలగల. పులుసులో ఉప్పెక్కువైందని మీ ఆయన అరవడమూ విన్నాను."

"పిల్ల పేరు కొట్టెయ్యకండి, మీ కాళ్లు పట్టుకుంటాను!"

"నాకు కాళ్లెక్కడివి తల్లీ? పిల్ల పేరు కింద నీ పేరూ రాశాను, ఎనిమిదో తరగతికి. కూర్చో, పాఠం మొదలు. కానీ ఇది అయ్యేలోగా పిల్ల వచ్చి పలకాలి, లేదంటే దాని పేరు ఉండదు."

పాఠం మధ్యలో రత్నావళి లేవకూడదాయె. చిన్మయి మీ పెరట్లో జామచెట్టు ఎక్కిందేమో, కాస్త చూడండి. ఉంటే, అమ్మ క్లాసులో ఉందని చెప్పి పంపించండి.