గోడ పగలలేదు

"గోడ పగలలేదు మేడం."

సర్క్యులర్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ అటెండర్ జంపయ్య అన్నాడు.

క్లాసు గొల్లున నవ్వింది.

మధులత చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. టేకులపల్లిలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌గా ఆమె చేరి నాలుగు నెలలే. ఉత్తరాది మంచూ తెగవాళ్లు చైనా గోడను పగలగొట్టి రాజ్యంలోకి చొరబడ్డారని అప్పుడే బోర్డు మీద రాసింది.

"ఏమన్నవ్?"

"చైనా సేనాపతే గేటు తీసి లోపలికి పిలిచిండు మేడం, పదహారువందల నలభైనాలుగుల. రాజధానిని పట్టుకున్న తిరుగుబాటోళ్లను కొట్టనీకి. సాయానికొచ్చిన మంచూలు రెండువందల అరవై ఏండ్లకు పైన ఏలిండ్రు."

"మరి గద్దె దిగుడెట్ల దిగిండ్రు తాతా?" వెనక బెంచీ నుంచి కోటేష్ అరిచాడు.

"వాళ్లు పెంచిన సైన్యమే తిరగబడ్డది బిడ్డా. ఆఖరు రాజు ఆరేండ్ల పిల్లగాడు. వానికేం తెల్సు, పాపం!"

"మేడం, ఇగ జంపయ్య తాతనే చెప్పమనుండ్రి!"

మళ్లీ నవ్వులు.

మధులత ముఖం ఎర్రబడింది.

"గంట కొట్టుడు నీ పని. పాఠం చెప్పుడు కాదు. నడువు బయటికి!"

నవ్వులు ఆగిపోయాయి.

"తప్పయింది మేడం." జంపయ్య సర్క్యులర్‌ను టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

మరునాడు ఆయన రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

మూడో రోజు ఖమ్మం నుంచి తెప్పించుకున్న పుస్తకం తిరగేసింది మధులత. ఆయన చెప్పిన ప్రతి ముక్కా అందులో ఉంది.

లేచి ప్రిన్సిపాల్ సారంగపాణి గదికి వెళ్లింది.

"జంపయ్య ఇల్లెక్కడ సార్? ఆయనకు సారీ చెప్పాలె."

"కిరాయి ఇల్లు ఖాళీ చేసి పోయిండు మేడం. 'నేనుంటే పిల్లలు మేడం మాట ఇనరు' అన్నడు. ఎటు పోయేది చెప్పలే."

"అటెండర్‌కు గంత చరిత్ర ఎట్ల తెల్సు సార్?"

సారంగపాణి కళ్లద్దాలు తీశాడు.

"ఆయన హిస్టరీల ఎమ్మే. ఇంటర్వ్యూ నాడు మీ పోస్టుకు మేము సెలెక్ట్ చేసింది ఆయన్నే. బయట మెట్ల మీద కూసొని మీరు ఏడుస్తుంటె చూసి మళ్ల లోపలికొచ్చిండు. 'ఆ బిడ్డకియ్యుండ్రి సార్, నాకు గంట కొట్టే పనైనా సాలు' అన్నడు."