తీపి వెగటైన ఎలుక

"ఏవండీ, నాకు బతుకు మీద ఆశ పోయిందిట!" అంటూ హైమ ఫోను పట్టుకుని గెంతుకుంటూ వచ్చింది. దిగులు కింద ఆమెకు పది రోజుల సెలవు దొరికింది. పెళ్లయిన నెలకి, అరకు వెళ్లే యోగం!

ఆ కాలంలో ఉద్యోగి దిగులుగా ఉన్నాడో లేదో ఎలుక తేల్చేది. ఒక్కొక్కరి పేరిట ఒక ఎలుకను ఆఫీసువాళ్లే ఇంటికి పంపేవారు. మనిషి పడే పాట్లు పక్కనే ఉన్న ఎలుకా పడుతుందని వాళ్ల నమ్మకం. అది పంజరంలోని చక్కెర నీళ్లు ముట్టకపోతే, మనిషి దిగులుతో ఉన్నట్టే.

"మరి నా సంగతి?" అన్నాడు శశిధర్ నీరసంగా. ఈ నెలలో అతను భార్యతో కలిసి ఒక్క పూటైనా భోంచేయలేదు.

"మీది సీసా ఖాళీ చేసేసిందిట. పరమానందంలో ఉన్నారట మీరు!"

"నాకు నిద్రే పట్టడం లేదని మొన్ననే ఆఫీసులో మొత్తుకున్నాను కదా!"

"ఎలుక అబద్ధమాడదు అన్నారు కదండీ ఆఫీసువాళ్లు."

హైమ తన ఎలుక వైపు చూసింది. అది బొజ్జ పైకెత్తి పడుకుని ఉంది. ఆమె రోజూ పొద్దున్నే తను తినే బెల్లం గవ్వల్లో సగం దానికి పెట్టేది. ఇక చక్కెర నీళ్లకు చోటెక్కడిది?

ఆమె ఫక్కున నవ్వి కొంగు దోపుకుంది.

"రేపు పొద్దున్నే గవ్వలు వండుతాను. మీకు నాలుగు, మీ ఎలుకకి నలభై. సాయంత్రానికల్లా మీకూ దిగులు పట్టుకోవాలి!"