జిగురు గీత

తోళ్లు ఓడలెక్కి సీమకు పోయే రోజులవి. వేలూరులో తోలుముక్కలు ఉడికించి జిగురు కాచే కొట్టంలో ఆ రాత్రి మేరి ఒక్కతే ఉంది. తోడుండే కన్నియమ్మ నిన్నటి నుంచి కనిపించడం లేదు.

తగ్గిన నీళ్లు పోస్తూ రోజుల తరబడి ఉడికించేకొద్దీ జిగురు పట్టు పోయి పలచబడుతుంది. ఏ రోజుకు ఎంత పలచబడుతుందో యజమాని లెక్కగట్టి, గోడ మీద రోజుకొక గుర్తు పెట్టి, సుద్దతో కిందికి వాలే గీత గీశాడు. అది ఎన్నడూ తప్పలేదు.

ఇప్పుడు మేరి గరిటె ఎత్తితే జిగురు తీగలా సాగింది. కొత్త తోలు పడితే తప్ప అలా చిక్కబడదు.

లాంతరుతో యజమాని వచ్చాడు.

"కొత్త తోలు ఎవురేసినారు సామీ? కన్నియమ్మ యాడుండాది?"

"తిరుపత్తూరు పోయింటాదిలే."

మనిషి సంగతి అంతటితో వదిలేసి ఆయన గీతను సరిచేశాడు. కొనను పైకి తిప్పి, రేపటి గుర్తుదాకా లాగాడు.

"రేపు ఇంకా చిక్కబడతాది," అంటూ లోపలి నుంచి గడియ పెట్టాడు.