వేళకాని కూత

పర్లయ్య అనే పుంజుకు అప్పుడప్పుడే తురాయి ఎర్రబడుతోంది గానీ, గొంతు మాత్రం ఇంకా కుదురుకోలేదు. కూస్తే సగం పుంజులాగా, సగం తుప్పుపట్టిన గిలకలాగా ఉండేది. దొడ్డంతా నవ్వుతుందని నెల్లాళ్ళుగా నోరు మూసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఏరు పొంగింది. అందరూ దిబ్బెక్కేశారు. మేతకు వెళ్ళిన అతని నేస్తాలు, ఇద్దరు కుర్రమేకలు మాత్రం రాలేదు. దూరంగా చేనిగట్టు మీద చిక్కుకుని అరుస్తున్నారు. ముసురులో వాళ్ళకు దిబ్బ ఎటుందో కనపడదు. గట్టేమో మునిగిపోతోంది.

“తాతా, ఒక్క కూత వెయ్యవా! ఆ దిక్కుకి ఈదుకొస్తారు” అని బతిమాలాడు పర్లయ్య.

“వేళకాని వేళ కూస్తే అపశకునంరా” అన్నాడు ముసలిపుంజు. “కావాలంటే నువ్వే కూయి. నీది కూతని ఎవరూ అనుకోరు గనక దోషం లేదు.”

మేకల అరుపు సన్నబడింది. ఏటికన్నా దొడ్డి నవ్వంటేనే పర్లయ్యకు భయం. ‘పోనీ, ఏరైనా జడిసి వెనక్కి పోతుందేమో’ అనుకుని, కళ్ళు మూసుకుని కూశాడు. దిబ్బంతా పకపకా నవ్వింది. మళ్ళీ కూశాడు. గొంతు చీరుకుపోతున్నా కూస్తూనే ఉన్నాడు.

మేకల అరుపు ఆగిపోయింది. దాంతో నవ్వులూ ఆగిపోయాయి. పర్లయ్య ఒక్కడే కూస్తున్నాడు.

ఎంతసేపటికో నీళ్ళ మీద రెండు చిన్న కొమ్ములు తేలాయి, వాటి వెనకే మరో రెండు. మేకలు రొప్పుతూ దిబ్బెక్కి, “ఎవర్రా? ఎవరి పీక నొక్కేస్తున్నారిక్కడ?” అని అరిచారు. “పాపం, కాపాడదామని దూకేశాం!”

“నాదే” అన్నాడు పర్లయ్య, మిగిలిన ఆ కాస్త గొంతుతో.